పండ్లు కానరాని ఫోటోలు

చండూరు బస్టాండు ఎన్క
రేకుల షెడ్డుల నా స్టూడియో.
లోపల తెర మీద కొండల నుంచి దుంకే జలపాతం బొమ్మ.
దాని ముందట నిలబడి
మా ఊర్లోళ్ళు నోరు మూసుకుంటరు.

షెడ్డు ఎన్క రాళ్ళగోడ,
గోడ సందుల ముళ్ళగోరింట.
ఎవరు పెట్టలే, ఎవరు నీళ్ళు పోయలే.
ఆకు మొదట్ల సూదుల పొట్లం ఇప్పినట్టు నాలుగు ముళ్ళు,
వాటి నడుమనే
పసుపుల చిటికెడు కుంకుమ కలిసిన పువ్వు.
మేక గూడ మూతి పెట్టి, ఆలోచన జేసి, ఎనక్కు పోతది.
బతుకమ్మల తంగేడుంటది, గునుగుంటది, కట్లపువ్వుంటది,
దీన్ని మాత్రం ఎవ్వరు పిలవరు.
పేర్చేటోళ్ళ వేళ్ళు గూడ వేళ్ళే గద.

పండ్ల నొప్పి లేస్తె మాత్రం
ఊరంత దీని కాడికే వస్తది.
ఈదమ్మవ్వ ముళ్ళు తప్పించి ఆకు దూసి
ఉప్పు రాయితోటి నూరి
చిగుళ్ళకు ఒత్తుకునేది.
నల్లగొండ నుంచి వచ్చిన ఆయుర్వేదం డాక్టరు
దీని పేరు వజ్రదంతి అన్నడు.
అవ్వ నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకొని.
"వజ్రాలు నీ కాడనే ఉంచుకో కొడుకా,
మా నోట్ల ఉన్నది తుప్పు."

మా దిక్కు పండ్లంటె రెండర్థాలు.
చెట్టుకు కాసేటియి, నోట్ల ఉండేటియి.
ముళ్ళగోరింటకు తినే పండు లేదు,
మాకు చూపే పండు లేదు.
బోరు నీళ్ళు తాగబుద్ధయ్యేటట్టే ఉండేటియి, అదే బాధ.
చేదుంటె మానేసేటోళ్ళం.
పాలపండ్లు ఊడినంక
చాయ మరకలు పడ్డ గోడ లెక్క మొలిచినయి కొత్తయి.
నాయి గూడ అంతే.

అందుకే నాకు పాస్‌పోర్టు సైజు ఫోటోలంటె ఇష్టం.
నవ్వొద్దు, నోరు ముయ్యి, ఇటు చూడు.
ఆ రూలు మా ఊర్ల కోసమే పెట్టిన్రనుకున్న.
పెండ్లి ఆల్బమ్‌ల లెక్క వేరే.
రాత్రి కరెంటు ఉన్నంతసేపు
పెండ్లికొడుకుకు, పెండ్లిపిల్లకు, ఎనక నిలబడ్డ మేనత్తలకు
మౌసు కొసతోటి ఒక్కొక్క పన్ను తెల్లగ తోమిన.
పన్నుకెంత అని ఎవరడగలే,
నేను చెప్పలే.

నల్లా నీళ్ళు ఇంకా రాని ఒక యేడు
స్కాలర్‌షిప్పు ఫోటోకు వచ్చింది
ఈదమ్మవ్వ మనుమరాలు ప్రవళిక, ఏడో తరగతి.
పెదాలు కుట్టినట్టు కూసుంది.
గుప్పిట్ల ఏందో ఉంది.
నేను లైటు సరిజేస్తుంటె
సప్పుడు గాకుండ వేలు నాలికకు తాకించి
ఆ తడి గుప్పిట్ల పెట్టింది.
టప్!
ఎండిన ముళ్ళగోరింట కాయ.
ఒక గింజ లైటు డబ్బాకు తాకింది,
ఒకటి నా చెంపకు.
పిల్ల నవ్వింది.
చెయ్యి అడ్డం రాకముందే
నా వేలు బటన్ మీద పడ్డది.

రాత్రి అలవాటుగ తోమిన.
మీద నాలుగు, కింద రెండు.
పొద్దున పిల్ల వచ్చి చూసి
"గీ పిల్ల ఎవరన్నా?" అన్నది.
ఎక్కిరింపు లేదు దాంట్ల.
నిజంగనే అడిగింది.

స్కాలర్‌షిప్పుకు నోరు మూసిందే పోయింది, రూలు రూలే.
తోమనిది ఒకటి ప్రింటు దీసి ఇచ్చిన, పైసలు తీసుకోలే.
అవ్వ దాన్ని గోడకు తగిలించిందో
సందుగుల బట్టల కింద దాసిందో
నాకు తెల్వది.

మొదటి వానలు పడ్డంక
స్టూడియో మెట్టు పక్కన, చేతులు కడిగిన నీళ్ళు పారే కాడ
రెండాకులు లేచినయి.
ముళ్ళు ఇంకా రాలే.
గిరాకీలు తొక్కుతరేమోనని
ఇటుకపెడ్డ ఒకటి అడ్డం పెట్టిన.
పెట్టి, లోపలికి వచ్చి,
దువ్వెన వేలాడే అద్దం ముందట
నా నోరు
కొంచెం తెరిచి చూసుకున్న.